ఎస్సు పక్కన కొక్కెం

నా పేరు మునిదాసు. చిత్తూరు బజారువీధి పక్క సందులో నాకు టైలరు అంగడి ఉంది. మునీశ్వరుడికి మొక్కుకుంటే పుట్టానని మా నాయన ఆ పేరు పెట్టాడు. ఇంగ్లీషులో రాస్తే దాని చివర ఒక ఎస్సు వస్తుందని పాపం ఆయనకు తెలియదు. ఆ ఎస్సు దగ్గర మొదలైన కథే ఇది. కానీ కథ నాది కాదు, మునిరత్నమ్మది. ఆమె భర్త ఏకాంబరం అంగళ్ళకు బోర్డులు రాసేవాడు. ఊళ్ళో ఇప్పటికీ వాళ్ళ సంగతి వస్తే అందరూ ఏకాంబరం చెయ్యి గురించే మాట్లాడతారు. ఆయమ్మను ఒక్కరూ తలుచుకోరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

డెబ్భై మూడులో నేను అంగడి పెట్టినప్పుడు ఊరంతటికీ ఇంగ్లీషు బోర్డుల పిచ్చి పట్టుకుని ఉంది. చదివేవాళ్ళు సందుకు ఒకరు ఉంటే గొప్ప. అయినా పెద్దక్షరాలు ఇంగ్లీషులోనే ఉండాలి, తెలుగు అడుగున చీమల బారులాగా ఉన్నా పరవాలేదు. నేనూ అందరిలాంటి వాడినే. దాసు టైలరింగ్ అని ఏకాంబరం చేత రేకు మీద ఇంగ్లీషులో రాయించాను. పచ్చరంగు మీద తెల్లక్షరాలు. చూస్తే కడుపు నిండిపోయింది.

అంగడి తెరిచే ముందురోజు కాలేజీలో ఇంగ్లీషు చెప్పే లెక్చరరు ఒకాయన ప్యాంటు కొలతలు ఇవ్వడానికి వచ్చాడు. గోడకు ఆనించిన బోర్డును చూసి ముఖం చిట్లించాడు.

"దాసుగారి టైలరింగ్ అనే కదయ్యా నీ ఉద్దేశం? మరి 'గారి' అనే ముక్క ఏదీ?" అన్నాడు.

ఇంగ్లీషులో ఒక వస్తువు ఎవరిదో చెప్పాలంటే ఆ పేరు చివర పైన చిన్న కొక్కెం తగిలించి, పక్కన ఎస్సు పెట్టాలట. మరి నా పేరు చివర ముందే ఒక ఎస్సు ఉందే అన్నాను. ఉన్నా సరే, కొక్కెం పెట్టి ఇంకో ఎస్సు రాయాల్సిందే అన్నాడాయన. అప్పటికే లోపల కూర్చుని ఉన్న మిషన్ స్కూలు జయరామ్ మాస్టరు లేచి వచ్చాడు. పేరు చివర ఎస్సు ఉంటే కొక్కెం ఒక్కటి చాలు, రెండో ఎస్సు దండగ అన్నాడు. ఇద్దరూ వాదులాటకు దిగారు. టేపు లెక్చరరు నడుముకు చుట్టి పట్టుకుని నేను నిలబడ్డాను. చివరికి తేలిందేమిటంటే పుస్తకాల్లో రెండు రకాలూ ఉన్నాయట, రెండూ ఒప్పేనట. అంతసేపు అరుచుకోవడం దేనికో ఆ సరస్వతికే తెలియాలి.

ఏకాంబరాన్ని అడిగితే "జాగా ఉండాది దాసప్పా, రెండూ కొట్టేస్తా" అన్నాడు. మర్నాడు పొద్దున బోర్డు తగిలించేశాక, కొక్కెం పెట్టనేలేదని గుర్తొచ్చింది. అయ్యవారు కర్పూరం వెలిగిస్తున్నాడు, మేళం మోగుతోంది. ఏకాంబరం గబగబా నిచ్చెనెక్కి కొక్కెమూ ఎస్సూ రాసేశాడు. కింద టెంకాయ పగిలిందీ, పైన కొక్కెం పడిందీ ఒక్కసారే.

ఆ దీపావళికి నాకు గుడ్డలు కుట్టడానికి చేతులు చాలలేదు. ఊళ్ళో నాకన్నా బాగా కుట్టేవాళ్ళు ఉన్నారు. కానీ జనం నా కుట్టును చూడలేదు, ముహూర్తానికి పడిన ఆ కొక్కేన్ని చూశారు. ఏకాంబరం చేతివాసి మంచిదన్నారు. అంతే, ఊరికి కొత్త ఆచారం పుట్టింది. విగ్రహానికి కళ్ళు చివర తెరిచినట్టు బోర్డుకు కొక్కెం చివర పెట్టాలి. మిగతా అక్షరాలన్నీ ముందే రాసి తగిలించాలి. ముహూర్తం వేళకు ఏకాంబరం నిచ్చెనెక్కాలి, కింద కర్పూరం వెలగాలి.

యేసుదాసు ఫొటో స్టూడియో, మోహన్‌దాసు సైకిల్ షాపు, శ్రీనివాస్ కాఫీ, ఇలా ఎస్సుతో ముగిసే పేర్లవాళ్ళు ముందు వరసలో నిలబడ్డారు. వాళ్ళకు రెండు దారులు ఉండటమే వాళ్ళ గొప్ప. ఒట్టి కొక్కెమా, కొక్కెంతో పాటు ఎస్సా? లెక్చరరునీ మాస్టరునీ ఎవడు అడుగుతాడు? జోస్యుడి దగ్గరకు పోయి అక్షరాలు లెక్క పెట్టించుకునేవారు. మొత్తం బేసి సంఖ్య రావాలి. సరి సంఖ్య వస్తే ఇంకో ఎస్సు చేర్చడం, బేసి వస్తే కొక్కెంతో సరిపెట్టడం. ఇంగ్లీషువాడి వ్యాకరణాన్ని మా ఊళ్ళో పంచాంగం పరిష్కరించింది. సోడా అంగడి చిన్నబ్బ అయితే "నా పేరుకు ఎస్సు యాడా లేదే, మా నాయన నా గొంతు కోసినాడు" అని వాపోయేవాడు. నీకు మామూలు కొక్కెం చాలులేప్పా అంటే వినలేదు. వాళ్ళకు రెండెస్సులుంటే నాకూ రెండెస్సులు కావాల్సిందేనని పట్టుబట్టి రాయించుకున్నాడు. బోర్డు చదివితే పాము బుసకొట్టినట్టు ఉండేది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక మీద నవ్వు లేదు.

బోర్డు మొత్తంలో కొక్కెమే చిన్నది. తల లావుగా, తోక సన్నగా రావాలి. రంగులో ముంచిన కుంచె వెంట్రుకలు విడిపోతాయి. ఏకాంబరం కుంచెను నోట్లో పెట్టుకుని, నాలుక మీద ఒక తిప్పు తిప్పి, పెదాల మధ్య నుంచి మెల్లగా లాగేవాడు. మొన సూదిలా వచ్చేది. పనివాళ్ళు చాలామంది అలాగే చేసేవారు, అందులో వింత లేదు. కింద నిలబడిన జనానికి మాత్రం అది వేరేగా కనిపించింది. ఆయప్ప కుంచెలోకి మంత్రం ఊదుతున్నాడని ఎవడో అన్నాడు. ఆ మాట పాకింది. ఎప్పుడైనా ఏకాంబరం గుడ్డతో మొన సరిచేసుకోబోతే అంగడివాడు ఒప్పుకునేవాడు కాదు. "అట్ల కాదప్పా, నోట్లో పెట్టుకోని రాయి" అనేవాడు. పెదాల మీద తెల్లచుక్కతో ఆయన నిచ్చెన దిగుతుంటే ఆడవాళ్ళు దండం పెట్టేవారు.

ఆ తెల్లరంగును నూరేది మునిరత్నమ్మ.

ఆమెది ఏర్పేడు పక్క పల్లె. ఏకాంబరానికి అక్క కూతురే, మామా అని పిలిచేది. డబ్బాల్లో వచ్చే తెలుపు ఎండకు పసుపెక్కుతుందని ఏకాంబరం దాన్ని ముట్టేవాడు కాదు. తెల్లపొడి, అవిసె నూనె విడివిడిగా తెచ్చి ఇంట్లోనే కలిపించుకునేవాడు. ఇంటి వెనక వసారాలో ఒక సన్నెకల్లు వేరుగా ఉండేది. మునిరత్నమ్మ పొద్దున వంట కాగానే దాని ముందు కూర్చునేది. పొడి పోసి, నూనె వేసి, వెన్నలా అయ్యేదాకా నూరేది. పొడి పోసినప్పుడల్లా పైకి లేచి ఆమె కనుబొమల మీద, పాపిట్లో పడేది. కొలతలకో గుడ్డలకో నేను అటు పోతే ఏడిపించేవాణ్ణి.

"ఏం రత్నమ్మా, ఈ వయసుకే తల నెరిసిపోయిందే?"

"మీ ఊరోళ్ళ కొక్కేలకే కద దాసన్నా. నవ్వు నవ్వు, నీకూ ఉండాదిలే ముసలితనం" అనేది. నూరుతూ పాడేది కూడా. గొంతు అంత బాగుండేది కాదు. ఆ మాట అంటే సన్నెకల్లు మీది రంగు నా చొక్కాకు పూయడానికి వచ్చేది.

పెళ్ళయిన రెండో ఏడు ఆమెకు కడుపు నిలిచింది, మూడో నెలలో పోయింది. తర్వాత మళ్ళీ నిలిచింది. ఏడో నెలలో మగబిడ్డ పుట్టాడు, ఊపిరి లేదు. ఆ బిడ్డను గుడ్డలో చుట్టి ఏకాంబరం తీసుకుపోతుంటే ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. మర్నాటి నుంచి పాట ఆగిపోయింది. నూరడం ఆగలేదు. ఎవడో ఒకడు అంగడి తెరుస్తూనే ఉంటాడు కదా.

తిరుచానూరు అమ్మవారికి ముడుపు కట్టింది. శుక్రవారం ఒంటిపూట ఉండేది. ఎవరు ఏం చెబితే అది చేసింది. ఊరివాళ్ళు చేసింది ఏమిటో కూడా చెబుతాను. కడుపు నిలవని మనిషి శుభకార్యంలో ముందు నిలబడకూడదన్నారు. కొక్కెం పెట్టే వేళకు ఏకాంబరం అక్కడ దేవుడంతటివాడు, ఆయన పెళ్ళాం మాత్రం కంటికి కనిపించకూడదు. "నువ్వట్ల ఉండమ్మా" అని మెత్తగా చెప్పేవారు. ఆమె నూరిన రంగు గిన్నె నిచ్చెనెక్కేది. ఆమె సందు చివర నిలబడి మేళం వినేది. ఊరందరికీ చేతివాసి, ఇంటికి మాత్రం లేదని నా అంగడి మెట్ల మీదే కూర్చుని మాట్లాడుకునేవారు. లేపి పంపించేవాణ్ణి. నాలుగు బేరాలు పోతే పోయాయి.

డెబ్భై తొమ్మిదిలో మళ్ళీ నిలిచింది. నాలుగో నెల దాటింది, ఐదో నెల వచ్చింది. ఇంట్లో అందరూ మాటలు కూడా మెల్లగా మాట్లాడేవారు, గట్టిగా అంటే ఏమవుతుందో అన్నట్టు. గ్రహణం రోజు ఆమె చాప మీద నుంచి కదలలేదు. బరువు ఎత్తొద్దని ఏకాంబరం నీళ్ళబిందెలు తానే మోసేవాడు. ఆ శ్రావణమాసం వరసగా ముహూర్తాలు ఉండటంతో నూరడం మాత్రం ఎక్కువైంది. కూర్చుని చేసే పనేగా అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

అప్పటికే ఏకాంబరానికి ఒళ్ళు బాగుండటం లేదు. కడుపులో మెలిపెట్టి తిప్పేది. అన్నం సహించేది కాదు, చిగుళ్ళు నల్లబడ్డాయి. ఒకరోజు నా అంగట్లో కాఫీ గ్లాసు తీసుకోబోయి జారవిడిచాడు. నేను కాఫీ తుడిచి లేచేసరికి ఆయన కుడిచెయ్యి ముందుకు చాచి చూసుకుంటున్నాడు. మణికట్టు దగ్గర చెయ్యి వంగి వేలాడుతోంది. ఎంత ప్రయత్నించినా పైకి లేవడం లేదు.

"ఎన్నాళ్ళ నుంచప్పా ఇది?" అన్నాను.

"పొద్దున పూట ఎక్కువ. కాసేపు పిసికితే లేస్తాది. రత్నకు చెప్పబాక. ఈ బిడ్డ ఒకటి నిలిస్తే చాలు దాసప్పా. చెయ్యి సంగతి తర్వాత చూసుకుందాం."

ఆమెకు ముందే తెలుసు. చొక్కా గుండీలు పెట్టేది ఆమే కదా. తనకు తెలుసని మామకు చెప్పబాకని ఆమె కూడా నాకు చెప్పింది. ఒకరికి తెలియకూడదని ఒకరు నా చేత ఒట్టు వేయించుకున్నారు.

ఆ నెలాఖరున గంగాధరం పట్టుబట్టల అంగడి తెరిచాడు. బజారువీధిలో అంత పెద్ద అంగడి అప్పటికి లేదు. కొడుకు శ్రీనివాస్ పేరు పెట్టాడు. జోస్యుడు లెక్క కట్టి కొక్కెమూ రెండో ఎస్సూ రెండూ ఉండాలన్నాడు. తిరుపతి నుంచి మేళం వచ్చింది. వీధి వీధంతా జనం. ఏకాంబరం నిచ్చెనెక్కాడు, కుంచె నోట్లో పెట్టుకుని లాగాడు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టును కింద నుంచి పట్టుకున్నాడు. కింది నుంచి చూసేవాళ్ళకు అది భక్తిగా చేసినట్టే ఉంది. కర్పూరం వెలిగింది. అంతలో నిచ్చెన కొద్దిగా కదిలింది. పడిపోకుండా ఎడమచేత్తో నిచ్చెన పట్టుకోవాల్సి వచ్చింది. కుడిచెయ్యి వాలిపోయింది. కుంచె బోర్డు మీద పై నుంచి కిందకి జారి, శ్రీనివాస్ పేరుకు అడ్డంగా తెల్లగీత పడింది.

మేళం ఆగింది. గంగాధరం భార్య చంద్రకాంతమ్మ చుట్టూ చూసింది. సందు మొదట్లో, కడుపు మీద చెయ్యి పెట్టుకుని మునిరత్నమ్మ నిలబడి ఉంది. భర్తకు చెయ్యి బాగా లేదని భయపడి, రోజూ కంటే నాలుగడుగులు ముందుకు వచ్చింది.

"అదో, ఆయమ్మ నిలబడుండాది. ఇంగేమవుతాది మరి? ఇద్దరు బిడ్డల్ని మింగింది చాలక మా ఇంటి మీదికొచ్చిందా?" అంది చంద్రకాంతమ్మ.

అంతమందిలో ఒక్కరూ తప్పు అనలేదు. మునిరత్నమ్మ వెనక్కి తిరిగి నడిచి పోయింది. నేను గంగాధరాన్ని నాలుగు మాటలు అడిగాను. నోటికొచ్చిన మాటలే అడిగాను. ఆ రోజు నుంచి ఆ ఇంటి గుడ్డలు నా అంగడికి రాలేదు.

ఏకాంబరాన్ని వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. నాకు అరవం వచ్చు కాబట్టి నేనూ వెళ్ళాను. తోడుగా మునిరత్నమ్మ కూడా బయల్దేరింది, వద్దన్నా వినలేదు. అక్కడ ఒక డాక్టరమ్మ చూసింది. నడివయసు మనిషి, మాట నెమ్మది. చెయ్యి చాచమంది, పిడికిలి బిగించమంది. పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది. పళ్ళ మొదట్లో నీలంగా గీత గీసినట్టు ఉంది.

"ఏం పని చేస్తారు?" అంది.

బోర్డులు రాస్తాడని చెప్పాను. కుంచె ఎలా పట్టుకుంటారో చూపించమని పెన్సిలు చేతికిచ్చింది. ఏకాంబరం ఎడమచేత్తో దాన్ని తీసుకుని, అలవాటు కొద్దీ మొన నోట్లో పెట్టుకుని పెదాల మధ్య నుంచి లాగాడు. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది.

ఏ రంగని అడిగితే ఇంట్లో నూరే తెల్లపొడి అని చెప్పాను. ఆ పొడి సీసంతో చేసేదట. సీసం ఒంట్లోకి పోతే కడుపులో నొప్పి వస్తుందట, నరాలు చచ్చుపడి చెయ్యి వాలిపోతుందట. ఇక ఆ రంగు ముట్టకూడదు, మందులు వాడితే చెయ్యి కొంత తిరిగి రావచ్చు అంది. నేను తెలుగులో చెబుతుంటే ఏకాంబరం తలూపుతున్నాడు. అప్పుడు ఆమె అడిగింది, "రంగు ఎవరు కలుపుతారు?"

ఆ మాట నేను తెలుగులో చెప్పాల్సిన పని లేకపోయింది. అరవంలో అడిగినా మునిరత్నమ్మకు అర్థమైంది.

"నేనే నూరతానమ్మా" అంది.

డాక్టరమ్మ ఆమె ముఖం చూసింది, కడుపు చూసింది. ఎన్నో నెల అంది. ఇంతకు ముందు కాన్పులు ఏమయ్యాయి అంది. చెప్పాను. ఈ రోజు నుంచి ఆమె ఆ పొడి దగ్గరకు పోకూడదు అంది. తల్లి ఒంట్లో చేరింది కడుపులో బిడ్డకూ చేరుతుంది, ఇప్పటికే ఎంత చేరిందో చెప్పలేం అంది. ఆ ముక్క తెలుగులో ఎలాగో చెప్పాను.

మునిరత్నమ్మ నా చెయ్యి పట్టుకుని అంది, "అడుగు దాసన్నా. ముందు పోయిన ఇద్దరూ కూడా దీంతోనేనా, అడుగు."

అడిగాను. అలా అయి ఉండవచ్చు, కచ్చితంగా చెప్పలేం అంది డాక్టరమ్మ. ఏకాంబరం అంత బారు మనిషి, గోడ వైపు తిరిగి నిలబడి నుదురు గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇద్దరు నర్సులు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు. నాకు ఆ క్షణంలో మా ఊరి మీద, మా బోర్డుల మీద, కింద నిలబడి దండాలు పెట్టిన ప్రతి మనిషి మీదా అసహ్యం పుట్టింది. అది ఇప్పటికీ పోలేదు.

ఇంటికి రాగానే ఏకాంబరం ఆ సన్నెకల్లును మనుషుల చేత మోయించి నీవా నది ఇసుకలో పూడ్పించాడు. వసారా అంతా కడిగించాడు. ఆమె పాలు తాగింది, పండ్లు తింది, డాక్టరమ్మ చెప్పినవన్నీ చేసింది. ఆరో నెల, ఏడో నెల గడిచాయి. బిడ్డ కడుపులో తంతోందని నాతో చెబుతూ నవ్వింది. నాకు కూడా నమ్మకం కలిగింది. ఉయ్యాలగుడ్డ కుట్టాను.

ఎనిమిదో నెలలో నొప్పులొచ్చాయి. ఆడబిడ్డ. ఏడ్చింది. ఆ ఏడుపు నేను విన్నాను, ఆసుపత్రి వరండాలో ఉన్నాను. గుప్పెడంత బిడ్డ. ఏకాంబరం ఎత్తుకోవాలని రెండు చేతులూ చాచాడు. కుడిచెయ్యి నిలవక, మళ్ళీ దించేసుకున్నాడు. నర్సు బిడ్డను మునిరత్నమ్మ పక్కన పడుకోబెట్టింది. బిడ్డ పాలు తాగలేకపోయింది. మర్నాడు సాయంకాలానికి పోయింది.

డాక్టరమ్మ చెప్పిన మాట ఊళ్ళో అందరికీ చెప్పాను. కొట్టుకొట్టుకూ తిరిగి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "తెల్లరంగుకు బిడ్డలు పోతారా దాసప్పా? అట్లయితే సున్నం కొట్టేవాళ్ళ ఇండ్లల్లో పిలకాయలే ఉండకూడదే" అన్నాడు గంగాధరం. కాఫీ తాగుతున్నవాళ్ళంతా నవ్వారు. మూడోదాన్ని కూడా మింగిందని చంద్రకాంతమ్మ అన్నట్టు ఎవరో చెప్పారు. వినకపోతే బాగుండేది.

ఏకాంబరం చెయ్యి సగం లేచింది. గ్లాసు పట్టుకోగలిగాడు, కుంచె పట్టుకోలేకపోయాడు. మార్కెట్టులో తూకం దగ్గర కూర్చునే పని దొరికింది. మునిరత్నమ్మ నా దగ్గర చొక్కాల గుండీ కంతలకు కాజాలు కుట్టేది. పని బాగా నేర్చుకుంది. ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఏడాది తిరిగింది. గంగాధరం అంగట్లో బేరాలు తగ్గాయి. ఎదురుగా కొత్త అంగడి వచ్చింది, అక్కడ ధర తక్కువకు ఇస్తున్నారు. గంగాధరానికి మాత్రం ఆనాటి తెల్లగీతే కారణంగా కనిపించింది. కొత్త బోర్డు రాయించి, మళ్ళీ ముహూర్తం పెట్టించాడు. తిరుపతి నుంచి మునికృష్ణ అనే ఆర్టిస్టును పిలిపించాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. ముందురోజు నేనూ ఏకాంబరమూ గంగాధరం ఇంటికి పోయి, కుంచె నోట్లో పెట్టించొద్దని చెప్పబోయాం. శుభమా అని పని పెట్టుకుంటే అపశకునాలు మోసుకొస్తారా అని గడపలోనే నిలబెట్టి పంపించేశాడు.

ముహూర్తం రోజు మేళం మోత నా అంగడి దాకా వినిపిస్తోంది. మునిరత్నమ్మ కాజా కుడుతోంది. ఉన్నట్టుండి సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టి లేచింది. ఎక్కడికమ్మా అంటూ వెనకే పరిగెత్తాను. ఇన్నేళ్ళూ సందు చివర నిలబడిన మనిషి, జనాన్ని రెండు చేతులతో తోసుకుంటూ నేరుగా నిచ్చెన కిందికి పోయింది. మునికృష్ణ కుంచె రంగులో ముంచి పైకి తీశాడు.

"అప్పా! నోట్లో పెట్టుకోబాక! అది ఇసం!" అని అరిచింది.

ఆ అబ్బాయి కిందికి చూశాడు. చెయ్యి గాల్లో ఆగింది.

"నా బిడ్డల్ని తినింది నాయనా అది. గుడ్డతో తుడుచుకోని రాయి. నీకు దండం పెడతా" అని నిచ్చెన మెట్టు పట్టుకుంది.

చంద్రకాంతమ్మ ఆమె జుట్టు పట్టుకుంది. ఇంకెవరో రెక్క పట్టి లాగారు. మధ్యలో దూరినందుకు నాకూ రెండు పడ్డాయి. "పిచ్చిది అది, నువ్వు కానీప్పా, ముహూర్తం దాటిపోతాండాది" అని గంగాధరం అరుస్తున్నాడు. మేళంవాళ్ళు జోరు పెంచారు. ఆ అబ్బాయి ఒకసారి ఆమెను, ఒకసారి గంగాధరాన్ని చూశాడు. కుంచె నోట్లో పెట్టుకుని లాగాడు. జనం చప్పట్లు కొట్టారు.

వీధిలో మట్టిలో కూర్చున్న మునిరత్నమ్మను నేనూ, మార్కెట్టు నుంచి పరిగెత్తుకొచ్చిన ఏకాంబరమూ చెరో పక్కా పట్టి లేపి ఇంటికి తీసుకొచ్చాం. మోచెయ్యి చీరుకుపోయింది. ఏకాంబరం ఎడమచేత్తో నీళ్ళు పోస్తుంటే కడుక్కుంది.

"వదిలెయ్ రత్నా. మనం చెప్పినాం, వాళ్ళు వినలేదు. వాళ్ళ కర్మ" అన్నాడు ఏకాంబరం.

ఆమె నా వైపు తిరిగింది.

"దాసన్నా, ఆ పిల్లోడికి పెండ్లయిందా?"

"ఈ ఎండాకాలమే అయిందంటమ్మా."

"రంగు ఎవురు నూరతారంట?"

నాకు తెలియదన్నాను. ఆమె చెంగుతో మోచెయ్యి అద్దుకుంది.

"తిరపతిలో యాడుంటారో కనుక్కో. రేపు పొద్దున నన్ను బస్సెక్కించు. మొగోళ్ళు ఎట్లా వినరు. ఆయమ్మకన్నా చెప్పొస్తా" అంది.

మర్నాడు మొదటి బస్సుకు నేనే ఎక్కించాను.